ఎనిమిది డాలర్ల వాక్యం

వినయార్డ్, టాస్మేనియా
మార్చి 2

ఒరే ఫర్గస్,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఈ కాగితాలూ స్టాంపులూ ఎందుకని మళ్ళీ అడిగావు. ఎందుకో నీకూ తెలుసు. ఫోన్‌లో అయితే మూడో మాటకే ఇద్దరం అరుచుకుంటాం. నాలుగో మాట ఎవరూ వినరు. కాగితం మీదైతే నేను చెప్పేది చివరిదాకా చదవక నీకు దారి లేదు. రోజంతా ఫోన్‌లోనే బతికేదాన్ని, తమ్ముడితో మాట్లాడటానికైనా కాసేపు పెన్ను పట్టుకోనీ.

ఇక్కడ బంగాళాదుంపలు తవ్వుతున్నారు. లారీల వెనకాల రోడ్డంతా ఎర్రమట్టి. నిన్న ఉతికి ఆరేసిన దుప్పట్లు మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

అసలు సంగతి. నా యాప్ ‘నోటిమాట’కి సొంత వెబ్‌సైట్ పెట్టాను. మొదటి పేజీలో ఇలా రాశాను, బావుందో లేదో చెప్పు: “పక్షవాతంతో మాట పోయినవాళ్ళ కోసం. బొమ్మని తాకండి, మీ బదులు ఫోన్ మాట్లాడుతుంది. దీన్ని తయారుచేసింది బర్నీ ఆసుపత్రిలో పదేళ్ళు మాట నేర్పించిన మనిషి.” నా పేరు వేసుకోలేదు. ఊళ్ళో ఎలాగూ అందరికీ తెలుసు.

యాప్ స్టోర్‌లో దీని ధర నెలకి పది డాలర్లు కదా. అందులో వాళ్ళ కమిషన్ నూటికి పదిహేను. మొదట్లో ముప్పై ఉండేది, నాలాంటి చిన్నవాళ్ళకి తర్వాత సగం చేశారు. యాప్ దిగేది స్టోర్ నుంచే అయినా, డబ్బు వెబ్‌సైట్‌లో కడితే ఆ కమిషన్ లేదు కాబట్టి అక్కడ ఎనిమిది డాలర్లే పెట్టాను. లెక్క ప్రకారం ఎనిమిదిన్నర ఉండాలి. ఆ అర డాలరు నా మొండితనం.

అంతటితో ఆగలేదు. యాప్ తెరవగానే పైన కనపడేలా ఒక వాక్యం పెట్టాను: “ఇదే యాప్ మా వెబ్‌సైట్‌లో నెలకి ఎనిమిది డాలర్లు.” స్టోర్ వాళ్ళకి నచ్చదని తెలుసు. నచ్చాల్సింది వాళ్ళకి కాదు.

క్లైవ్ మావయ్య బావున్నాడు. నాన్న పడవలో ఎండ్రకాయల బుట్టలు లాగిన ఆ చేతుల్లో ఇప్పుడు కుడిచెయ్యి లేవదు. ఎడం చేత్తోనే ఫోన్ మీద టకటకా కొడతాడు. తనకోసం ప్రత్యేకంగా ఒక బొత్తాం పెట్టమన్నాడు, పెట్టాను. ఏమనుకున్నావు? “ఆ అంపైర్‌కి కళ్ళు లేవు.” ఆదివారం ఆట నడుస్తున్నంతసేపూ అదే నొక్కుతున్నాడని డాట్ అత్త గోల.

నువ్వేం చేస్తున్నావో రెండు నెలల నుంచి రాయట్లేదు. “ఆఫీసులో పెద్ద పని” అంటే నాకేం అర్థమవుతుంది?

ఎర్రమట్టి దుప్పట్ల మధ్య నుంచి,
నెరిడా


బ్రన్స్‌విక్, మెల్‌బోర్న్
మార్చి 11

అక్కా,

మొదటి పేజీ బావుంది. “మాట నేర్పించిన మనిషి” బదులు “అరవడం నేర్పించిన మనిషి” అని ఉంటే ఇంకా నిజంగా ఉండేది.

ఆ పెద్ద పని ఏమిటో ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఉంది. నీ ఉత్తరం చూశాక దాచడం బావుండదనిపించింది. ఫోన్లు వాడే జనం తరఫున ఇక్కడి కోర్టులో స్టోర్ మీద ఒక కేసు నడుస్తోంది, పేపర్లో చూసే ఉంటావు. “కమిషన్ వల్ల యాప్‌లన్నిటి ధరలూ పెరిగాయి, మా దగ్గర ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వండి” అన్నది వాళ్ళ వాదన. స్టోర్ తరఫున ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్ళు ఒక నివేదిక ఇవ్వాలి. ఇచ్చేది మా ఆఫీసు. సంతకం ప్రొఫెసర్ గ్రెవిల్‌ది. లెక్కలు కట్టేది నేను. మా అక్కకి అక్కడ ఒక యాప్ ఉందని మొదటి రోజే ఆయనకి చెప్పాను. పరవాలేదన్నాడు.

కోపగించుకునే ముందు ఒక్క విషయం ఆలోచించు. చిన్నవాళ్ళకి కమిషన్ సగం చేశారని నువ్వే రాశావు. కమిషన్ వల్లే ధర పెరిగేటట్టయితే అది సగమైన రోజున ధరలు దిగాలి కదా? దిగలేదక్కా. అందరికీ కనపడే ధరలే తీసుకుని ఏడాది ముందు, ఏడాది తర్వాత పోల్చి చూశాను. నూటికి తొంభై మందికి పైగా పాత ధరే ఉంచేశారు. మిగిలింది జేబులో వేసుకున్నారు. తప్పని నేననను, వ్యాపారం అంతే. కొనేవాడు ఎంతవరకు ఇస్తాడో అదే ధర. కమిషన్ ఎంతైనా సరే.

ఆ జాబితాలో నీ యాప్ కూడా ఉంది. అప్పుడు పది డాలర్లు. తర్వాతా పదే.

నవ్వుతూ రాస్తున్నాను, నవ్వుతూనే చదువు.

నీ తమ్ముడు,
ఫర్గస్

క్లైవ్ మావయ్యకి చెప్పు, ఆ అంపైర్ విషయంలో ఆయన మాటే నాదీ.


వినయార్డ్
మార్చి 19

ఫర్గస్,

నవ్వలేదు.

ముందు జేబు సంగతి. అవును, కమిషన్ సగమైనప్పుడు నేను ధర తగ్గించలేదు. ఎవరి దగ్గరా దాచలేదు, నువ్వు కనిపెట్టాల్సిన రహస్యమేం కాదది. ఆ మిగులు ఏమైందో అడిగావా? యాప్‌లో మొదట ఉన్న గొంతు నీకు గుర్తుందా? అమెరికా యాసలో మాట్లాడే మరమనిషి గొంతు. క్లైవ్ మావయ్య బొత్తాం నొక్కితే అది “హలో, డియర్” అనేది. డాట్ అత్త మొహం పక్కకి తిప్పుకుని, “ఈయనెవరో నాకు తెలీదు, నా మొగుణ్ణి పిలవండి” అంది. నవ్వుతూ కాదు. అప్పుడే బర్నీ రేడియోలో పడవలవాళ్ళకి వాతావరణం చదివే రాల్ఫ్‌ని పట్టుకుని, కొన్ని వేల మాటలు ఆయన గొంతుతో రికార్డు చేయించాను. ఆడవాళ్ళ కోసం అదే రేడియోలో పనిచేసే లినెట్ చేత చేయించాను. మిగులు అటు పోయింది. ఇవాళ మావయ్య మాట్లాడితే ఈ తీరం మనిషి మాట్లాడినట్టుంటుంది. నీ జాబితాలో దానికి గడి ఉందా? “ధర మారలేదు” అన్నదొక్కటే ఉంటుంది.

ఇక నువ్వు. ఎవరి తరఫున లెక్కలు కడుతున్నావో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఉంటే మొన్నటి ఉత్తరంలో నా వ్యాపారమంతా విప్పి పెట్టేదాన్ని కాదు.

రెండో సంగతి. అనుకున్నట్టే స్టోర్ వాళ్ళ నుంచి తాఖీదు వచ్చింది. రెండు వారాల్లో ఆ వాక్యం తీసేయాలట. నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది.

“ఆ వాక్యంలో ఏది అబద్ధమమ్మా? ధరా, చిరునామానా?” అన్నాను.

“అబద్ధమని మేమనలేదు మేడమ్. బయట తక్కువకి దొరుకుతుందని యాప్ లోపల చెప్పకూడదు.”

“నిజమైనా?”

“నిజమైనా మేడమ్.”

“సరే, నేను తీయను. ఈ మాట కూడా రాసుకో.”

రాసుకున్నట్టే ఉంది. టకటకా చప్పుడు వినపడింది.

నెరిడా


బ్రన్స్‌విక్
ఏప్రిల్ 2

అక్కా,

నా మీద ఎంతైనా కోపపడు. కానీ ఆ వాక్యం మాత్రం తీసెయ్యి.

వెబ్‌సైట్ ఉండనీ. ఎనిమిది డాలర్లూ ఉండనీ. ఒక్క వాక్యం తీసేస్తే ఎవరూ నీ జోలికి రారు. తీయకపోతే యాప్ తీసేస్తారు, బెదిరింపు కాదు, ఇలాంటివి నేను చాలా చూశాను. బర్నీలో సూపర్‌మార్కెట్ అరల మీద నువ్వు వెళ్ళి “ఇదే జామ్ నా ఇంటి దగ్గర తక్కువ” అని చీటీ అంటిస్తే ఊరుకుంటారా? వాళ్ళ కొట్టు, వాళ్ళ నిబంధన.

రాల్ఫ్ సంగతి నాకు తెలీదు. రికార్డింగులు బావున్నాయి, నా ఫోన్‌లో విన్నాను. కానీ అక్కా, నువ్వు చెప్పింది నా మాటనే బలపరుస్తోంది. కమిషన్ తగ్గితే గొంతు మెరుగైంది, ధర తగ్గలేదు. కోర్టు అడుగుతున్నది ధర గురించి.

దీన్ని బట్టి నేను వాళ్ళ మనిషినయ్యానని అనుకోకు.

ఫర్గస్


వినయార్డ్
ఏప్రిల్ 10

ఫర్గస్,

సూపర్‌మార్కెట్‌కి వెళ్ళే దారిలో ఇంకో నాలుగు కొట్లున్నాయిరా. నచ్చకపోతే జామ్ అక్కడ కొనుక్కుంటారు. ఈ ఫోన్‌లోకి యాప్ వెళ్ళడానికి ఉన్నది ఒకటే తలుపు, ఆ తలుపు దగ్గర నిలబడింది వాళ్ళు. పక్కన కిటికీ ఉందని చెప్పడం కూడా నేరమైతే, ఇక చెప్పకుండా ఎలా ఉంటాను?

తీయలేదు. తీయను.

నీ మీద కోపం లేదు అని రాద్దామనుకున్నాను. అబద్ధం రాయడం ఎందుకని మానేశాను.

నెరిడా


బ్రన్స్‌విక్
మే 4

అక్కా,

ఇవాళ డాట్ అత్త ఫోన్ చేసింది. ఏడుస్తూ.

మావయ్య ఫోన్ జెట్టీ మీంచి నీళ్ళలో పడిపోయిందట. కొత్తది కొన్నారట. అందులో నోటిమాట రావడం లేదట, స్టోర్‌లో వెతికితే అసలు లేనే లేదట. “మీ అక్క ఏదో గొడవ పెట్టుకుందట కదా, అది పెట్టుకునే ముందు మా గురించి ఆలోచించిందా?” అని అడిగింది. ఏం చెప్పమంటావు?

చిన్నప్పుడు నాకు నత్తి. నాన్నకి కూడా ఓపిక ఉండేది కాదు, నా వాక్యం తనే పూర్తి చేసేసేవాడు. పడవ మీద నేను చెప్పేది చివరిదాకా విన్నది క్లైవ్ మావయ్య ఒక్కడే. చేతిలో తాడు పట్టుకుని, ఎంతసేపైనా సరే, అలా నిలబడేవాడు. ఆయన నోరు నువ్వు నొక్కేశావు. దేనికోసం? రెండు డాలర్ల పంతం కోసం.

చెప్పాను తీసెయ్యమని. బతిమాలాను.

ఫర్గస్


వినయార్డ్
మే 9

ఫర్గస్,

ఆ ఉత్తరం నువ్వు రాస్తున్న సమయానికే నా ఫోన్ మావయ్య చేతిలో ఉంది.

డాట్ అత్త నీకంటే ముందు నాకు చేసింది. అదీ ఏడుస్తూనే. వెంటనే కారు తీసి మర్రావాలో మావయ్యవాళ్ళింటికి వెళ్ళాను. వెబ్‌సైట్‌లో నమూనాగా పెట్టిన నాలుగు బొమ్మలైనా ఆయన కొత్త ఫోన్‌లో తెరిచి చూపిద్దామనుకున్నాను. ఆ ఇంట్లో సిగ్నల్ ఎక్కడిది, పెరటి గేటు దాటి ఆవుల మధ్యలో నిలబడితే ఒక గీత వస్తుంది. పోనీ నా లాప్‌టాప్ నుంచి నేరుగా ఎక్కిద్దామంటే, యాప్‌తో పాటు స్టోర్‌లో నా ఖాతా కూడా నిలిపేశారు, ఎక్కదు. యాప్ రాకముందు వాడిన పాత బొమ్మల అట్ట తీసి ముందు పెట్టాను. మావయ్య దాన్ని ఎడం చేత్తో ఒక్క తోపు తోశాడు. టీ కప్పుతో సహా కింద పడింది. నా వైపు చూశాడు చూడు, ఆసుపత్రిలో చేరిన మొదటివారం చూపు అది.

డాట్ అత్త అంది, “ఆయనకి కోపం నీ మీద కాదమ్మా.” నా మీదేనని ముగ్గురికీ తెలుసు.

అప్పుడు నా ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. నా ఫోన్‌లో ముందే ఎక్కి ఉన్నది పనిచేస్తూనే ఉంది కదా. ఆయన బొత్తాలు అందులో లేవు, అన్నీ నేను పరీక్ష కోసం పెట్టుకున్న పిచ్చి వాక్యాలు. రాల్ఫ్ గొంతుతో “దయచేసి పిల్లి మీద కూర్చోకండి” అని వినపడేసరికి మావయ్య ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నొక్కాడు. డాట్ అత్త కుర్చీలోంచి లేచి వెనక్కి చూసుకుంది. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఇద్దరూ ఒకటే నవ్వు, నేను చూడలేక బయటికొచ్చేశాను.

ఇప్పుడు నాకు ఫోన్ లేదు. నీతో ఫోన్‌లో అరుచుకోవడం కుదరదు, సంతోషించు.

నోరు నొక్కానన్నావు. యాప్ తీసింది వాళ్ళు. నిజం రాసినందుకు తీశారు. ఆ కోపం నీకు వాళ్ళ మీద ఎందుకు రాలేదో నిన్ను నువ్వు అడుగు.

ఆసుపత్రిలో కొత్తగా ఇద్దరు చేరారు. మాట లేదు. వాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకో ఫోన్ లేదు. అట్టలే చూపిస్తున్నారట. అది నన్ను లోపల తినేస్తోంది. నీ ముందు తప్పు చేశాననాలా? అనను. బాధపడుతున్నాను, అంతవరకే.

ఇంకొకటి. కేసు వేసినవాళ్ళ లాయరు మెయిల్ పంపింది. సాక్ష్యం చెబుతావా అంది. చెబుతానన్నాను. నీ ప్రొఫెసర్‌కి చెప్పుకో.

నెరిడా


బ్రన్స్‌విక్
మే 18

అక్కా,

మావయ్య సంగతి తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఉత్తరం పోస్టు చేయకుండా ఉండాల్సింది.

ఇకమీదట ఈ కేసు గురించి నాకు ఒక్క ముక్క కూడా రాయకు. నేనూ రాయను. ఎందుకని అడగొద్దు.

ఇక్కడ చలి మొదలైంది. మా వీధి ట్రామ్ పట్టాలు మారుస్తున్నారు, నెలంతా బస్సే. పక్కింటి గ్రీకు ముసలాయన చెట్టు నుంచి ఒక బుట్టెడు దానిమ్మపళ్ళు ఇచ్చాడు. వాటిని ఎలా వొలవాలో తెలీక వంటగది గోడలన్నీ ఎర్రగా చేశాను.

ఫర్గస్


వినయార్డ్
జులై 6

ఫర్గస్,

ట్రామ్ పట్టాల గురించి నువ్వు వరసగా రాసిన మూడు ఉత్తరాలూ చదివాను. దానిమ్మపళ్ళ గురించి కూడా. ఎటువైపు నిలబడాలో నువ్వు తేల్చుకున్నావని అర్థమైంది. చెప్పడానికి ఇన్ని పళ్ళు వొలవక్కర్లేదు.

వచ్చే నెల సాక్ష్యానికి మెల్‌బోర్న్ వస్తున్నాను. హోటల్లో దిగుతాను.

నెరిడా


వినయార్డ్
ఆగస్టు 20

ఫర్గస్,

కోర్టులో నీకోసం వెతికాను. స్టోర్ లాయర్ల వెనక వరసలో మీ ఆఫీసువాళ్ళు కూర్చున్నారు. పొడుగ్గా, బూడిదరంగు సూటులో ఉన్నాయనే గ్రెవిల్ అనుకుంటా. నువ్వు లేవు. అలిగావనుకున్నాను. భోజనాల వేళ మా లాయరే చెప్పింది, నువ్వు ఆ ఆఫీసు నుంచి వెళ్ళిపోయి చాలా రోజులైందట.

నేను సాక్ష్యం చెబుతానన్నందుకే పంపేసి ఉంటారు. నా వల్ల నీ ఉద్యోగం పోయింది. నువ్వేమో పళ్ళ గురించి రాస్తూ కూర్చున్నావు, నేనేమో ఆ జులై ఉత్తరం రాశాను.

ఏం జరిగిందో చెబుతాను. ఇప్పుడు చెప్పొచ్చట, నా సాక్ష్యం అయిపోయింది.

వాళ్ళ లాయరు సాండర్సన్ అని ఒకాయన. చాలా నెమ్మదిగా మాట్లాడతాడు, నిద్రపుచ్చేవాడిలా.

“కమిషన్ సగానికి తగ్గినప్పుడు మీరు మీ ధర ఎంత తగ్గించారు?”

“తగ్గించలేదు.”

“ఒక్క సెంటైనా?”

“ఒక్క సెంటు కూడా.”

మా లాయరు తలొంచుకుంది. ఆ విషయం అడిగితే రికార్డింగుల ఖర్చు సంగతి చెప్పి, మెల్లగా పక్కకి తప్పించమని ముందే చెప్పింది నాకు. నాకు తప్పించడం చేతకాదు.

“మరి ఇప్పుడు ఎనిమిదికి ఎందుకు తగ్గించారు? ఈ కోర్టులో చూపించుకోవడానికా?”

“అప్పుడు కొనేవాళ్ళకి కనపడేది ఒక్కటే అంకె. నేను ఎంత పెడితే అంత. ఎందుకు తగ్గిస్తాను? ఇప్పుడు పక్కపక్కన రెండు అంకెలున్నాయి. రెండోది తక్కువ లేకపోతే నా వెబ్‌సైట్‌కి ఎవరొస్తారు?”

“అంటే మీరు మంచితనంతో తగ్గించలేదు.”

“లేదండీ. మంచితనంతో ఎవరూ ధరలు తగ్గించరు. రెండో తలుపు ఉందని చెప్పగలిగాను కాబట్టి తగ్గించాను. మీరు ఆ తలుపు మూసేసి, చూశారా, ఎవరూ అటు వెళ్ళడం లేదు అంటున్నారు.”

ఆయన ఇంకేదో అడగబోయాడు. జడ్జి చెయ్యెత్తింది. సన్నగా, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకున్న ఆవిడ. “మీ యాప్ తీసేయడానికి కారణమైన వాక్యం ఒకసారి చదవండి” అంది.

చదివాను. “ఇదే యాప్ మా వెబ్‌సైట్‌లో నెలకి ఎనిమిది డాలర్లు.”

“తర్వాత?”

“తర్వాత ఏమీ లేదండీ. అంతే.”

“అంతేనా?” అని రాసుకుంది.

 భయపడ్డానని ఎవరూ అనుకోకూడదని, కిందికి దిగి వచ్చేటప్పుడు గట్టిగా నడిచాను. చప్పుడు ఎక్కువైంది.

నీ ఉద్యోగం గురించి ఏం రాయాలో తెలీడం లేదు. క్షమించమని అడిగితే నేను చేసింది తప్పన్నట్టవుతుంది. అది తప్పు కాదు. కానీ నీకు జరిగింది అన్యాయం. ఈ రెండూ ఒకే ఉత్తరంలో ఎలా రాస్తారో నాకు ఎవరూ నేర్పలేదు.

అక్క


బ్రన్స్‌విక్
ఆగస్టు 29

అక్కా,

అంత పొంగిపోకు. నా ఉద్యోగం నీ వల్ల పోలేదు.

నువ్వు సాక్షివని తెలిసిన రోజునే గ్రెవిల్ గదికి వెళ్ళి చెప్పాను. “సాక్షితో కేసు మాట మాట్లాడకుండా ఉండగలవా?” అన్నాడు. ఉండగలనన్నాను. అందుకే ఆ ట్రామ్ పట్టాలూ దానిమ్మపళ్ళూ. ఎందుకో రాసినా అది కేసు గురించి రాసినట్టే. మనిద్దరం ముందే మాట్లాడుకున్నామని సాండర్సన్ ఒక్క మాట అంటే నీ సాక్ష్యం విలువ పోతుంది. నువ్వు నన్ను వదిలేసినా సరే, అది పాడవకూడదనుకున్నాను. 

ఉద్యోగం పోయింది ఒక పేరా వల్ల. నివేదిక చివర్లో నేను ఇలా రాశాను: “ఈ ధరలన్నీ, వేరేచోట తక్కువ ఉందని కొనేవాడికి యాప్ లోపల చెప్పకూడదన్న నిబంధన ఉన్న కాలంలోవి. ఆ నిబంధన లేకపోతే ధరలు ఏమయ్యేవో ఈ లెక్కలు చెప్పలేవు.”

గ్రెవిల్ చదివి పెన్ను పెట్టి కొట్టేశాడు. “నిజమే, కానీ మనల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు” అన్నాడు.

“ఇది లేకపోతే, అడిగినదానికి మనమిచ్చే జవాబే అబద్ధం అవుతుంది సార్.”

“ఫర్గస్, ఇది నువ్వు రాస్తున్నావా, మీ అక్క రాస్తోందా?”

అప్పుడు నాకు నత్తి వచ్చింది, అన్నేళ్ళ తర్వాత. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఆయన నా వాక్యం తనే పూర్తి చేయబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. ఎంతసేపు పట్టిందో తెలీదు, ఆయన గడియారం చూసుకున్నాడు. కానీ మొత్తం నేనే చెప్పాను: “ఆ పేరా ఉంచండి, లేకపోతే నా లెక్కలు తీసేయండి.” లెక్కలు ఉంచాడు. పేరా తీసేశాడు. నేను వచ్చేశాను.

నీకోసం చేశాననుకోకు. నీ ధర విషయంలో ఇప్పటికీ నాదే నిజం. కమిషన్ తగ్గించినంత మాత్రాన ఎవరూ ధర తగ్గించరు, నువ్వే ప్రమాణం చేసి మరీ చెప్పావు కోర్టులో. నేను కాదన్నది ఒక్కటే, “తగ్గలేదు” అన్నదాన్ని “తగ్గదు” అని రాయడం.

ప్రస్తుతానికి సాయంత్రం పూట నడిచే ఒక కాలేజీలో పెద్దవాళ్ళకి లెక్కలు చెబుతున్నాను. వాళ్ళలో ఒకాయన వడ్రంగి. శాతాలు అర్థం కాక నన్ను తిడతాడు. బావుంది.

హోటల్లో ఎందుకు దిగావు? మంచం వేసి ఉంచాను.

ఫర్గస్


వినయార్డ్
నవంబరు 14

ఒరే ఫర్గస్,

మంచం వేసి ఉంచానని నేను తిరిగొచ్చేశాక చెబితే నాకేం ఉపయోగం? పేరా సంగతి చదివి ఆ రోజంతా ఇంట్లో గిన్నెలు విసిరేశాను. గ్రెవిల్ నెత్తిన పడుతున్నట్టు ఊహించుకుంటూ.

యాప్ తిరిగి వచ్చింది! తుది తీర్పుకి ఇంకా చాలా కాలం పడుతుందట. అప్పటిదాకా యాప్ ఉండాలి, ఆ వాక్యమూ ఉండాలి అని జడ్జి ఆదేశించింది. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, అట్టలతో తంటాలు పడుతున్నవాళ్ళ ఫోన్‌లలో నేనే ఎక్కించాను. వాళ్ళలో పాలకేంద్రంలో పనిచేసిన ఎల్స్‌పెత్ అనే ఆవిడ ఉంది. ఆరు నెలలుగా నోట మాట లేదు. ఆవిడ నొక్కిన మొదటి బొత్తాం ఏదో తెలుసా? “నన్ను కాసేపు ఒంటరిగా వదిలేయండి.” అందరం బయటికొచ్చి నడవలో నిలబడ్డాం. నర్సు ఏడుస్తోంది, నేను నవ్వుతున్నాను.

ఇక నీకు నచ్చే వార్త. రెండు ధరలూ పక్కపక్కన కనపడుతున్నాయి కదా, జనమంతా ఎనిమిది డాలర్ల వైపు పరిగెత్తుకొస్తారనుకున్నాను. సగం మందికి పైగా ఇప్పటికీ స్టోర్‌లోనే పది కడుతున్నారు. వాక్యం చదివి మరీ! డాట్ అత్తని అడిగాను, మీరెందుకు మారలేదని. “ఎవరు కొడతారమ్మా ఆ కార్డు నంబరంతా, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు” అంది. నవ్వుతున్నావని తెలుసు. నవ్వు, నీ హక్కు.

ఇప్పుడు నాకు నచ్చే వార్త. సిడ్నీవాళ్ళది ఇలాంటి యాప్ ఇంకొకటి ఉంది, పెద్ద కంపెనీ. నెలకి పదిహేను ఉండేది, ఏళ్ళ తరబడి ఒక్క సెంటు దిగలేదు. మొన్న వాళ్ళు కూడా యాప్‌లో ఒక వాక్యం పెట్టారు: బయట పదకొండు. నా వల్లేనని నేననను. కానీ వాళ్ళు కూడా మంచితనంతో తగ్గించలేదు. దీన్ని నీ జాబితాలో ఏ గడిలో రాస్తావో చెప్పు. కాలేజీలో ఆ వడ్రంగిని అడుగు.

నేను కట్టించుకున్నది పదైనా ఎనిమిదైనా, ఇప్పుడు తెలిసి కడుతున్నారు. నేను అడిగింది ఆ ఒక్కటే.

క్రిస్మస్‌కి నువ్వు వస్తే సరే, లేకపోతే నేనే అక్కడికి వస్తాను. ఎవరు వచ్చినా కేసు గురించి మాట్లాడదాం, గట్టిగా, ఎదురెదురుగా కూర్చుని.

ఉత్తరం మూసేయబోతుంటే కొత్త తాఖీదు వచ్చింది. వాక్యం ఉండొచ్చట గానీ, దాని అక్షరాలు మిగతావాటికంటే పెద్దవిగా ఉండకూడదట. నా యాప్ వాడేవాళ్ళలో సగం మందికి చూపు సరిగ్గా ఆనదు.

ఇప్పుడే ఇంకా పెద్దవి చేశాను.

మీ అక్క
నెరిడా